బిడ్డ రంగు బిడ్డకుండనీ

ఫాల్గుణమాసం, తెల్లవారుజామున మూడు గంటలు. ధర్మవరంలో నేతపనివాళ్ల వీధి. పందిరికి కట్టిన కొబ్బరాకులు గాలికి గలగలమంటున్నాయి. గడప దాటితే ముందుగదిలోనే మగ్గం. పెళ్లి కోసం నాలుగు రోజులుగా ఆపేశారు. మగ్గం గుంత పక్కనే కుర్చీ వేసి పెళ్లికూతుర్ని కూర్చోబెట్టారు. పోగు పోగూ కంటికి ఆనాలి కాబట్టి ఇంటికంతటికీ మంచి వెలుతురు ఇక్కడే. మీరు గోడవారగా నిలబడండి, అద్దానికి అడ్డం రాకండి.

అనంతపురం నుంచి వచ్చిన మేకప్ ఆవిడ ఇంకా పెట్టె కూడా తెరవలేదు.

"ఆ ట్యూబులైటు ఆర్పమ్మా. దీని కింద పూస్తే మండపంలో మొగం ఇంగో రంగొస్తాది."

మండపంలో ఏ లైట్లు పెడుతున్నారో నిన్ననే ఫొటోగ్రాఫర్‌ని ఫోన్లో అడిగి తెలుసుకుంది. అలాంటి తెల్లటి ఎల్ఈడీ లైటునే స్టాండుకు బిగించి తెచ్చుకుంది. పెళ్లికూతురి ముఖం మీద ఆ వెలుగు పడగానే అసలు సంగతి బయటపడింది. నిన్నటి నలుగు పసుపు నుదుటి మీద జుట్టు మొదట్లో, చెవుల వెనక, దవడ కింద ఇంకా అంటుకునే ఉంది.

"సబ్బుతో బాగా రుద్దినానక్కా. ఎర్రగయ్యింది గానీ పోలేదు," అంటుంది పెళ్లికూతురు.

పసుపు నీళ్లకు లొంగదు. సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ అందుకే. ఆవిడ దూదిని కొబ్బరినూనెలో ముంచి, జుట్టు మొదట్లో పైనుంచి కిందికి నెమ్మదిగా తుడుస్తోంది. దూది పచ్చబడుతోంది. రెండో దూది కాస్త తక్కువ పచ్చన. మూడోది దాదాపు తెల్లగానే వచ్చింది. ఈ పని వదిలేస్తే ఫ్లాషు వెలుగులో ముఖం చుట్టూ పసుప్పచ్చ అంచు తేలుతుంది. పైన ఎంత ఖరీదైన ఫౌండేషన్ వేసినా దాన్ని దాచలేదు.

తర్వాత తడి. ఈ పీఠభూమి మీద ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అవుతాయి. ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఫాల్గుణం నాటికి గాలిలో తేమ లేక పెదవులు పగులుతాయి, బుగ్గలు పొట్టు రేగుతాయి. కోస్తాలో చెమట పీల్చడానికి దట్టంగా వేసే పౌడరు ఇక్కడ వేస్తే గంటలో ముఖం బీటలు వారిన చెరువవుతుంది. అందుకే ఆవిడ మాయిశ్చరైజరు పట్టించి పది నిమిషాలు ఊరికే కూర్చుంది. ఈ ఆగడమే చాలామంది తొందరలో వదిలేస్తారు.

ఇంతలో పెళ్లికూతురి పిన్ని కాఫీ తెచ్చి, పక్కనే నిలబడి గొంతు తగ్గించింది.

"కొంచెం తెల్లగ కనపడేట్లు చెయ్ పాపా. మగపెళ్లోళ్లు బెంగళూరోళ్లు."

"తెల్లగ చేస్తే ఫొటోలో బూడిద పూసినట్ల ఉంటాది సిన్నమ్మా. బిడ్డ రంగు బిడ్డకుండనీ."

ఆ మాటకు నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మన పెళ్లి ఆల్బమ్‌లలో చామనచాయ ఆడపిల్లలను ఎంతమందిని పాలిపోయిన బొమ్మలుగా మార్చేశామో! ఆవిడ చేసి చూపిస్తోంది, దగ్గరికొచ్చి చూడండి. దవడ మీద రెండు గీతలు గీసింది, ఒకటి పిన్ని కోరిన రంగు, రెండోది అమ్మాయి మెడ రంగు. ఫోన్ ఫ్లాషు వేసి ఫొటో తీసింది. మొదటి గీత బూడిదరంగులో వేరుగా అతికించినట్టుంది. రెండోది ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. పిన్ని ఫోన్‌లోకి చూసి, కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ముఖంతో పని అయిపోదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కెమెరా చూసేది చేతులను. తాళి కట్టేటప్పుడు ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుంటుంది, మూడు ముళ్లూ పడేది మెడ వెనక. అందుకే చెవులు, మెడ, మోచేతుల దాకా అదే రంగు తడి స్పాంజితో పలచగా అద్దుతోంది.

ఇప్పుడు లైట్లన్నీ ఆర్పించింది. చీకట్లో ఫోన్ ఫ్లాషు ఒక్కసారి మెరిసింది. తెరమీద చూస్తే కళ్ల కింద రెండు తెల్లటి మచ్చలు! కన్సీలరు మీద అద్దిన పౌడరులోని సిలికా ఫ్లాషును తిరగ్గొట్టింది. ఎండను ఆపే క్రీముల్లోని టైటానియం డయాక్సైడూ, జింక్ ఆక్సైడూ కూడా ఇదే పని చేస్తాయి. అద్దంలో కనపడని తప్పు ఇది. ఆవిడ మారుమాట్లాడకుండా అదంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది.

కళ్లు దిద్దాక ఇంకో ఫొటో, ఈసారి నలుపు తెలుపుల్లో. కళ్లూ పెదవులూ చెంపల నుంచి విడిగా తెలియకపోతే వెలుగునీడలు చాలలేదని అర్థం. ఈ సీమలోనే తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి 1957లో 'మాయాబజార్' సినిమా పెళ్లిని రంగు సాయం లేకుండా తీశారు. మార్కస్ బార్‌ట్లీ కెమెరా ముందు ముఖాలకు ఆధారం వెలుగునీడలే. అంతకు నాలుగు శతాబ్దాల ముందు లేపాక్షి గుడి కప్పు మీద పార్వతీ కల్యాణం వేసిన చిత్రకారులు కంటి చుట్టూ నల్లగీత గట్టిగా గీశారు, కింద నిలబడి తలెత్తి చూసేవాళ్లకూ అది ఆనుతుంది. ఆవిడ ఐలైనరును రెప్పల మొదట్లో ఇంకొంచెం మందం చేసింది. కల్యాణతిలకం, బుగ్గచుక్క మెరుపు లేని రంగుతో దిద్దింది. మెరిసేదైతే ఫ్లాషులో ఎర్రచుక్క తెల్లచుక్కవుతుంది.

మండపం. బాసికం దారం నుదుటి మీద రాపిడికి ఫౌండేషన్ చెరిగింది. ఆవిడ పక్కనుంచి చెయ్యి చాపి వేలితో అద్దేసింది. హోమం పొగకు పెళ్లికూతురి కళ్లు నీళ్లతో నిండాయి, కాటుక మాత్రం కదల్లేదు. మధుపర్కాల తెలుపు చూసి కెమెరా వెలుగు తగ్గించుకుంటే ముఖం నల్లబడుతుంది. ఆ సంగతి ఫొటోగ్రాఫర్‌కి ఆవిడే గుర్తుచేసింది. తలంబ్రాల గింజలు నాలుగు చెంపకు అతుక్కున్నాయి. తీయబోయిన పిన్నిని ఆపింది. "ఉండనీ సిన్నమ్మా, ఇది పెళ్లే కదా."

తెల్లారింది. ఎండ అప్పుడే సూటిగా గుచ్చుతోంది. ఆరుబయట నిలబెడితే ఎర్రనేల మీది వెలుగు గడ్డం కింద ఎర్రగా కొడుతుందని అందరినీ వేపచెట్టు నీడకు నడిపించింది. తన మగ్గంలో నేసిన ధర్మవరం పట్టుచీరే కట్టుకొచ్చిన జేజి కుర్చీలో కూర్చుని అడుగుతోంది, "నాక్కూడా రోంత పౌడర్ పుయ్యి పాపా."

"పౌడర్ పూస్తే ముడతల్లో ఇరుక్కుంటాది జేజీ," అని ఆవిడ రెండు చుక్కల క్రీము ముసలి చెంపలకు రాసి, జారిన కుంకుమను సరిచేసి పక్కకు తప్పుకుంది. ఫొటోగ్రాఫర్ నొక్కాడు. తర్వాత మేనమామలు రావాలని కేకేశాడు.