తేనెపట్టులో చెత్త

"రిజిస్ట్రీ క్లీన్ చేస్తే సిస్టమ్ ఫాస్ట్ అవుతుంది." 2000ల మొదట్లో విండోస్ వాడినవాళ్ళలో ఈ మాట వినని వాళ్ళుండరు. సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించి తెచ్చుకున్న పీసీ ఏడాది తిరిగేసరికి నత్తనడక పట్టేది. సర్వీసుకొచ్చిన కుర్రాడు ఏదో ఒక క్లీనర్ ఎక్కించి స్కాన్ కొట్టేవాడు. వందలకొద్దీ 'ఎర్రర్లు', ఎర్ర అక్షరాల్లో. ఒక్క బటన్ నొక్కితే అన్నీ మాయం. ఇంత చవకైన పాపప్రక్షాళన ఏ పుష్కరాల్లోనూ దొరకదు!

అలాగని ఆ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు.

మొదట్లో విండోస్ సెట్టింగులు ఐఎన్‌ఐ ఫైళ్ళలో ఉండేవి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోగలిగే మామూలు టెక్స్ట్. సిస్టమ్‌కి కొన్ని, ఆపైన ప్రతి ప్రోగ్రామ్‌కీ తనదొకటి. ఫైలు 64 కేబీ దాటితే చిక్కే. 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ వచ్చింది గానీ, ఏ రకం ఫైలుని ఏ ప్రోగ్రామ్ తెరవాలి లాంటి చిన్న పనులకే. 1993లో ఎన్‌టీ, తర్వాత విండోస్ 95 వచ్చాక కాపురమంతా అందులోకి మారింది.

రిజిస్ట్రీ ఫైళ్ళని 'హైవ్' అంటారు, అంటే తేనెపట్టు. మైక్రోసాఫ్ట్‌లో దశాబ్దాలుగా పనిచేసిన రేమండ్ చెన్ దీని వెనక కథ చెప్పాడు: ఎన్‌టీ టీమ్‌లో ఒకాయనకి తేనెటీగలంటే అస్సలు పడదట, ఆయన్ని ఉడికించడానికే రిజిస్ట్రీ రాసినాయన ఈ పేరు పెట్టాడట. లోపలి గదుల్ని కూడా 'సెల్' అనే అంటారు.

ఐఎన్‌ఐ ఫైలైతే డిలీట్ చేస్తే సరిపోయేది. రిజిస్ట్రీలో ప్రోగ్రామ్ తన వివరాలు పది చోట్ల రాసుకుంటుంది, పోయేటప్పుడు తనే చెరుపుకోవాలి. చాలా ప్రోగ్రాములు చెరపవు. (ఇన్‌స్టాలర్ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు అన్‌ఇన్‌స్టాలర్ మీద పెట్టే టీమ్‌ని నేనింకా చూడాలి.) అందుకే మైక్రోసాఫ్టే 90లలో రెగ్‌క్లీన్ అనే టూల్ ఇచ్చింది, తర్వాత వెనక్కి తీసుకుంది. విండోస్ 98 బూట్ అయినప్పుడల్లా రిజిస్ట్రీని సరిచూసుకుని, ఐదు బ్యాకప్పులు దాచుకునేది. ఎన్‌టీ, 2000లలో రిజిస్ట్రీ కూర్చునే మెమరీకి ఒక హద్దుండేది. ఆ రోజుల్లో 'ఇది పెరగకూడదు' అనుకోవడంలో కాస్త అర్థముంది.

2001లో ఎక్స్‌పీ ఆ హద్దు తీసేసింది. క్లీనర్ల వ్యాపారానికి అసలు ఊపొచ్చింది ఆ తర్వాతే!

మిగిలిపోయిన కీ వల్ల నిజంగా నష్టమెంత? ప్రోగ్రామ్ రిజిస్ట్రీ మొత్తం వెతకదు, తనకి కావలసిన దారి పట్టుకుని మెట్టుమెట్టుగా దిగుతుంది. ఊళ్ళో నాలుగు పాడుబడ్డ ఇళ్ళున్నాయని పోస్ట్‌మన్‌కి ఆలస్యం కాదు కదా. లక్షల ఎంట్రీల్లో ఐదువందలు తీసేస్తే ఎవరికీ తెలియదు. రిజిస్ట్రీ ఫైళ్ళని డీఫ్రాగ్ చేసే టూల్ రాసిన మార్క్ రసినోవిచ్ కూడా 2005లో ఇంచుమించు ఇదే అన్నాడు. వేగం తగ్గించింది చాలీచాలని ర్యామ్, నిండిపోయిన హార్డ్‌డిస్క్, స్టార్టప్‌లో బారులు తీరిన ప్రోగ్రాములు. క్లీన్ చేశాక రీస్టార్ట్ చేయమంటారు చూడండి, ఆ కాసేపు కనిపించే హుషారు రీస్టార్ట్‌ది.

ఇక 'ఎర్రర్' అన్న మాట. లేని ఫైలుని చూపించే ఒక అనాథ కీ ఎవరి జోలికీ పోదు. దాన్ని తప్పుగా లెక్కగట్టి, అంకె వేసి, ఎరుపు పులమడంలోనే ఉంది వ్యాపారమంతా. కొందరికి ఆ కీ కూడా అక్కర్లేకపోయింది. 2008లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విన్‌ఫిక్సర్, ఎర్రర్‌సేఫ్ లాంటివి అమ్మినవాళ్ళ మీద కేసు వేసింది. స్కాన్ చేసినట్టు నటించి, లేని సమస్యలు చూపించి, పదిలక్షల మందికి పైగా జనానికి అంటగట్టారన్నది ఆరోపణ. 2012లో కోర్టు 16.3 కోట్ల డాలర్లకు పైగా తీర్పిచ్చింది.

అన్ని క్లీనర్లూ మోసమని కాదు. సీక్లీనర్ చెప్పింది చేసే ప్రోగ్రామే, అందుకే అంతమంది నమ్మారు. 2017లో దాన్ని తయారుచేసేచోటే ఎవరో చొరబడి, అసలు డిజిటల్ సంతకంతోనే బయటికొచ్చే వెర్షన్‌లో మాల్‌వేర్ కలిపారు. దాదాపు 22.7 లక్షల మంది శుభ్రం చేసుకుందామని దాన్ని ఎక్కించుకున్నారు.