అడ్డపొగ నుంచి ఆసుపత్రి మంచం దాకా: చుట్ట మాన్పించడానికి జరిగిన ప్రయత్నాలు

ఈ ఎపిసోడ్‌లో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. చుట్ట గురించి మాట్లాడుకుందాం. చుట్ట తాగడం గురించి కూడా కాదు, "చుట్ట మానండి" అని మన తెలుగు ఊళ్లలో ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు, వింటే ఏమైంది అన్నది చూద్దాం.

మనం ఉన్న ఈ ఎర్రుపాలెం ఖమ్మం జిల్లాకు ఒక కొస. రైలెక్కితే కాసేపట్లో బెజవాడ. పాత ఖమ్మం జిల్లాకు ఇంకో కొసన భద్రాచలం అడవి. అక్కడ ఎండాకాలం వస్తే తునికాకు కోత. తెల్లారకముందే అడవిలోకి వెళ్లి ఆకు తెంపి, కట్టలు కట్టి, కల్లంలో ఎండబెడతారు. ఆ ఆకే నిజామాబాద్, కరీంనగర్ వైపు ఆడవాళ్ల చేటల్లో బీడీ అవుతుంది. 1971లో చట్టం చేసి ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. గిరిజనుల ఇళ్లల్లో వానాకాలం పెట్టుబడికి ఆ నాలుగు వారాల కూలే ఆధారం. అదే బీడీ తాగినవాడు కొన్నేళ్లకు దమ్ముతోనో, టీబీతోనో ఆసుపత్రి మంచం ఎక్కుతాడు. ఈ రెండు సంగతులూ ఒకే జిల్లాలోవి. ఒకటి చెప్పి రెండోది దాచితే చరిత్ర కాదు.

పొగాకు మన పంట కాదు, అది అందరికీ తెలిసిందే. పోర్చుగీసు వాళ్లతో సముద్రం దాటి దక్కనుకు వచ్చింది. అక్బరు దర్బారుకు దాన్ని అసద్ బేగ్ అనే దూత తీసుకెళ్లింది కూడా మన దక్కనులోని బీజాపూరు నుంచే. తర్వాత గోదావరి లంకల్లో పండింది, లంక పొగాకని పేరు తెచ్చుకుంది. గురజాడ గిరీశం నోట్లోకి చుట్ట వచ్చేనాటికి అది తెలుగువాడి ఇంటి వస్తువైపోయింది.

ఇక అసలు కథ శ్రీకాకుళానిది. అక్కడ అడ్డపొగ అని ఒక అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. చూడనివాళ్లు నమ్మరు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదనీ, ఎక్కువసేపు వస్తుందనీ, చేతులు పనిలో ఉన్నా నోట్లో ఉంటుందనీ కారణాలు చెబుతారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. తల్లిని చూసి కూతురు నేర్చుకునేది. దాంతో అంగిలి మీద, అంటే నోటి పైకప్పు మీద, కాన్సర్ వచ్చేది. వేరే చోట్ల అరుదైన ఆ జబ్బు కోస్తాలో ఎందుకింత ఎక్కువగా ఉందో డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు 1957లో ఒక వైద్య పత్రికలో రాశారు. కారణం నోట్లోని ఆ నిప్పే అన్నారు.

1960ల్లో బొంబాయి నుంచి ఒక బృందం వచ్చింది. తమాషా ఏమిటంటే వాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు. భాభా పెట్టిన ఆ భౌతికశాస్త్ర సంస్థలో దంత పరిశోధన విభాగం కూడా ఒకటుండేది! ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్. అయిదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్లు చూశారు. అందులో శ్రీకాకుళం ఒకటి. ఆ లెక్కలు 1969లో అచ్చయ్యాయి.

చూసి వెళ్లిపోతే ఇంత చెప్పుకునే పని లేదు. తర్వాత వాళ్లు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లను ఎంచుకున్నారు. ఏటా ఇంటికి వెళ్లేవారు, నోరు చూసేవారు, ఎదురుగా కూర్చుని మానమని చెప్పేవారు. సినిమాలు, పోస్టర్లు, రేడియో కూడా వాడారు. నా ఉద్దేశంలో పనిచేసింది మాత్రం మళ్లీ మళ్లీ ఇంటికి రావడమే. పోస్టరు ఎవరినీ గుర్తుపెట్టుకోదు. ఏటా వచ్చే డాక్టరు మాత్రం "అమ్మా, పోయినసారి తగ్గిస్తానన్నావు కదా" అని అడగగలడు. 1986లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. అంతకుముందు ఏ సలహా లేకుండా గమనించిన వాళ్లతో పోలిస్తే, ఇక్కడ మానినవాళ్లూ తగ్గించినవాళ్లూ ఎక్కువ. మానినవాళ్ల నోట్లో తెల్లమచ్చలు కూడా తగ్గాయి.

ఆసుపత్రి సంగతికి వద్దాం. రోగి మంచం దగ్గర పొగ గురించి పద్ధతిగా అడగడం లండన్‌లో డాల్, హిల్ చేశారు, 20 ఆసుపత్రుల్లో. 1950లో అచ్చయింది. కానీ వాళ్లు అడిగింది కారణం తెలుసుకోవడానికి. మాన్పించడానికి అడగడం చాలా తర్వాతి ముచ్చట. మన దేశంలో మాన్పించే క్లినిక్కులు 2002లో మొదలయ్యాయి, మొదట పదమూడు. బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం 2008 అక్టోబరు 2 నుంచి.

మంచం మీదున్న మనిషికి మానడం కొంత సులువు. వార్డులో చుట్ట దొరకదు, ఒంట్లో భయం ఉంటుంది, నాలుగు రోజులు ఎలాగూ గడిచిపోతాయి. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆత్రం మొదటి వారంలోనే ఎక్కువ. ఇంటికి వచ్చాకే చిక్కంతా. అరుగు మీద అదే చోటు, పక్కన అదే స్నేహితుడు. అందుకే, వార్డులో మొదలుపెట్టిన మాట డిశ్చార్జి తర్వాత కనీసం నెల రోజులు కొనసాగితేనే నిలుస్తుందని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఒక్కసారి "తాతా, చుట్ట మానెయ్" అని మందుల చీటీ ఇచ్చి పంపితే సరిపోదు.

టీబీ రోగి విషయంలో ఆ నెల మనకు ఉచితంగా దొరుకుతుంది. మామూలు టీబీకి మందు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆరోగ్య కార్యకర్త అతన్ని చూస్తూనే ఉంటారు. మద్రాసులో 2003లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం, మగవాళ్ల టీబీ చావుల్లో సుమారు సగానికి పొగే కారణమని లెక్క తేల్చింది. మాత్ర మింగావా అని అడిగే నోటితోనే బీడీ సంగతీ అడగాలి. అడగడానికి ఖర్చేమీ లేదు. నికోటిన్ మందులు కూడా 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలోకి వచ్చాయి.

ఫోన్‌లో సాయం కావాలంటే 1800-11-2356 ఉంది, డబ్బులు పడవు. 2018 సెప్టెంబరు నుంచి ఈ నంబరు పొగాకు పెట్టెల మీద అచ్చువేయాలని నిబంధన. అయితే మన పెద్దాయన కొట్టుకు పోయి పెట్టె కొనడు. విడిగా రెండు చుట్టలు అడుగుతాడు. ఆ చుట్ట మీద ఏ నంబరూ ఉండదు. వార్డులోంచి బయటికి వచ్చేముందు నర్సమ్మో, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తో చీటీ మీద రాసిచ్చి, కొడుకు ఫోన్‌లో ఎక్కించి వెళ్తేనే అది ఆయన దాకా చేరుతుంది.