రెండో సూది

గుంటూరు, 2021 జులై. గుండె డాక్టరు ఓపీ ముందు కుర్చీల మీద ఒకటి విడిచి ఒకటి ఎర్ర టేపుతో ఇంటూ గుర్తులు అంటించారు. ఆ గుర్తులున్న కుర్చీల్లోనూ జనం కూర్చునే ఉన్నారు. నాన్న మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాస్కు మీద మాస్కు, దానిపైన తువ్వాలు. చంకలో బట్టల షాపు కవరు. అందులో ఆంజియోగ్రామ్ సీడీ, డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు. అన్నిటికీ అడుగున, నాలుగు మడతలు పెట్టిన కోవిషీల్డ్ మొదటి డోసు సర్టిఫికెట్.

“లోపల నువ్వేం మాట్లాడకమ్మాయ్. నేనే అడుగుతా” అంటాడు.

అడగాల్సింది ఒక్కటే. ఏప్రిల్ మొదటివారంలో సూది పడింది. రెండోవారంలో గుండెపోటు వచ్చింది. ఇప్పుడు రెండో సూది తేదీ దాటిపోతోంది. వేయించుకోవాలా, మానాలా?

గుండెపోటు వచ్చిన రోజు నాన్న మిర్చి యార్డు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. సీజన్‌లో ఆయన పొద్దు వాలకుండా ఇల్లు చేరడం మేమెప్పుడూ చూడలేదు. పేరుకి రిటైరైన గుమస్తా, కానీ కాటా దగ్గర ఆయన లేకపోతే షావుకారుకి తోచదు. అరుగు మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. చెమట బనీను దాటి పంచె మీదికి కారుతోంది. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. 108కి ఫోన్ చేస్తే బళ్లన్నీ కోవిడ్ కేసుల మీద ఉన్నాయి. పక్కింటాయన ఆటోలోనే తీసుకెళ్లాం. ముందు ముక్కులో పుల్ల పెట్టి కోవిడ్ లేదని తేల్చుకున్నారు, ఆ తర్వాతే క్యాథ్‌ల్యాబ్ తలుపు తెరిచారు. స్టెంటు పడింది. బతికాడు.

ఐసీయూ బయటే బాబాయి తీర్పు చెప్పేశాడు. “సూదే చేసింది. మా అన్నకి అరవై ఏళ్లలో జలుబు తప్ప ఏదీ ఎరగం.” పన్నెండేళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న సంగతీ, యార్డులో కాలిపోయిన సిగరెట్ల సంగతీ ఆ వాక్యంలో లేవు. కానీ ఆ వారమే తమిళ హాస్యనటుడు వివేక్ పోయాడు. ఏప్రిల్ 15న చెన్నైలో అందరి ముందూ కోవాగ్జిన్ వేయించుకుని, భయపడకుండా రండని జనానికి చెప్పాడు. మర్నాడు గుండెపోటు. 17 తెల్లవారుజామున ప్రాణం పోయింది. టీవీలు ఆ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి రోజంతా తిప్పాయి. బాబాయి మాటకు ఇంకేం సాక్ష్యం కావాలి?

నాకు బాబాయి మీద కోపం లేదు. ముందొకటి జరిగి, వెంటనే ఇంకొకటి జరిగితే రెండింటినీ ముడివేయడం మనిషి బుద్ధి. పైగా కళ్ల ముందు మంచాన పడ్డది తోడబుట్టినవాడు. ‘టీకా పూర్తిగా సురక్షితం’ అని ఫోన్ కాలర్ ట్యూనులో వినిపిస్తే ఆ భయం పోదు. పోయే దారి వేరే ఉంటుందని నాకు ఈ ఓపీ గదిలో తెలియబోతోంది.

మే నెలంతా అసలు ఈ ప్రశ్నకే తీరిక దొరకలేదు. కోవిషీల్డ్ డోసుల మధ్య ఎడం మొదట నాలుగు వారాలన్నారు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది చేశారు, మే 13న ఏకంగా పన్నెండు నుంచి పదహారు వారాలకు జరిపారు. సరుకు లేక జరిపారని ఊరు ఊరంతా గొణిగింది. మాకు మాత్రం ఊపిరి తీసుకునే గడువు దొరికింది. ఆ మధ్యలోనే తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, ఒక్క రాత్రిలో 11 మంది పోయారని ప్రభుత్వం లెక్క చెప్పింది. యార్డులో నాన్నతో కలిసి టీ తాగే వాళ్లలో ఇద్దరు పోయారు. కోవిడ్ తగ్గిస్తుందని జనం ఎగబడ్డ కృష్ణపట్నం ఆనందయ్య నాటుమందు తెప్పిస్తానని పిన్ని బయల్దేరింది. కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని నెలాఖరులో ప్రభుత్వమే అనేసరికి ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. ఆ సీసా మా ఫ్రిజ్‌లో ఇప్పటికీ ఉంది.

“తర్వాత ఎవరండీ?” అని నర్సు పిలుస్తోంది.

లోపల ఏసీ లేదు, కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. డాక్టరుకి నలభై దాటి ఉండవు. ముఖానికి ప్లాస్టిక్ షీల్డు, దాని వెనక నిద్ర చాలని కళ్లు. నాన్న ముందే వల్లించుకున్న వాక్యం మొదలుపెట్టాడు. “డాక్టరుగారూ, ఆ సూది వల్లే నాకు...” అంటూ ఆగిపోయాడు.

నేను ఊహించింది చిరాకు. ఆయన మాత్రం కవరు కోసం చెయ్యి చాచాడు. “మీరు అడ్మిట్ అయిన రోజు రక్తపరీక్ష ఏదండీ? మందుల చీటీలు కాదు, మొట్టమొదటి రిపోర్టు.”

కాగితాలన్నీ బల్ల మీద పరిచాం. దొరికింది. ఆయన వేలు వరసగా కిందికి దిగుతూ ఒక అంకె దగ్గర ఆగింది. ప్లేట్‌లెట్లు, 2 లక్షల 60 వేలు.

“ఇది చూడకుండా ఎవరేం చెప్పినా ఊరికే చెప్పినట్టే” అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఇంటికొచ్చాక రాసిపెట్టుకున్నాను. కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టే జబ్బు ఒకటి ఉన్న మాట నిజం. చాలా అరుదు, కానీ ఉంది. టీకా పడ్డాక దాదాపు నాలుగో రోజు నుంచి నాలుగైదు వారాల్లోపు వస్తుంది. అంటే మీకు గుండెపోటు వచ్చిన రోజు ఆ గడువులోనే ఉంది, అనుమానం రావడంలో తప్పులేదు. అయితే దానికొక ఆనవాలు ఉంటుంది. ప్లేట్‌లెట్లలోని పీఎఫ్4 అనే ప్రోటీను మీద ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. దాంతో ఒకపక్క గడ్డలు కడుతుంటాయి, ఇంకోపక్క ప్లేట్‌లెట్లు లక్షన్నర కిందికి పడిపోతాయి. గడ్డలు ఎక్కువగా మెదడు సిరల్లోనో, పొట్ట సిరల్లోనో కనిపిస్తాయి. “మీ ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నాయి. మీ రక్తనాళంలో నేను చూసింది ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వు. స్టెంటు వేసినచోటే కాదు, మిగతా రెండు నాళాల్లోనూ కొంత పూత ఉంది. రెండు వారాల్లో తయారయ్యేది కాదది.”

నాన్న వదల్లేదు. యార్డులో బేరం చేసిన మనిషి. “అయితే సూది వేసుకోకపోయినా ఆ రోజు వచ్చేదేనంటారా?”

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. “ఆ రోజే ఎందుకొచ్చిందో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. రావడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయని మాత్రం చెప్పగలను.”

నాకు ఆ డాక్టరు మీద నమ్మకం కుదిరింది సరిగ్గా ఈ జవాబుతోనే. ఆయన తెలియనిదాన్ని తెలియదన్నాడు కాబట్టి, తెలుసన్నది చెవికెక్కింది. దేశంలో ఆ నెలల్లో రోజూ లక్షలాది మందికి సూదులు పడ్డాయి, మొదట పడింది పెద్దవాళ్లకీ, జబ్బులున్నవాళ్లకీ. వాళ్లలో గుండెపోట్లు టీకా ఉన్నా లేకున్నా వస్తూనే ఉంటాయి. కొన్ని ఒకే వారంలో కలిసిపడక తప్పదు. నిజానికి మార్చిలో 45 దాటినవాళ్లకు ముందుగా టీకా ఇవ్వడానికి కేంద్రం రాసిన 20 జబ్బుల జాబితాలో, షుగరో బీపీయో ఉండి గుండెపోటు వచ్చినవాళ్లూ ఉన్నారు. మేం ఏ జబ్బును చూపించి వద్దనుకుంటున్నామో, ఆ జబ్బుకే ముందు వరసలో చోటు.

చీటీ వెనక్కి తిప్పి ఆయన అంకెలు వేశాడు. మే 17న టీకా దుష్ప్రభావాలను పరిశీలించే కేంద్ర కమిటీ చెప్పిన లెక్క: 498 తీవ్రమైన కేసులు పరిశీలిస్తే, కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినట్టు కనిపించినవి 26. పది లక్షల డోసులకు 0.61. దాని కింద ఇంకో రెండంకెలు. డెల్టా రకంతో ఆస్పత్రి పాలయ్యే ముప్పు ఈ టీకా ఒక డోసుతో 71 శాతం, రెండు డోసులతో 92 శాతం తగ్గిందని జూన్‌లో ఇంగ్లండ్ లెక్క. “మిగిలే ముప్పు చూసుకోండి. 29 నుంచి 8కి వస్తుంది.”

రెండోది కోవాగ్జిన్ వేయించుకుంటేనో అని నేను నోరు తెరిచాను, మాట్లాడనన్న ఒప్పందం మీరి. కలపడానికి రూల్ లేదన్నాడు. మొదటిది ఏదైతే రెండోదీ అదే.

లేవబోతూ నాన్న, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. “రక్తం పలచబడే మాత్రలు రెండ్రోజుల ముందు ఆపేస్తాలెండి. సూది పోటుకి రక్తం ఆగదట, మా తమ్ముడు చెప్పాడు.”

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. ఆ గదిలో ఆయన గొంతు పెరిగింది ఆ ఒక్కసారే. “ఒక్క పూట కూడా ఆపొద్దు! ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ. స్టెంటంటే లోహపు జాలీ. దాని మీద లోపలి పొర పూర్తిగా పెరిగేదాకా రక్తం గడ్డకట్టడానికి కాచుకుని ఉంటుంది. సన్న సూదితో వేయమనండి, రెండు నిమిషాలు దూదితో నొక్కి పట్టుకోండి. అంతే.”

నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది ఏదో ఆ క్షణంలో బయటపడింది. అది సూది కాదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఒప్పుకోలేదు. ఆమె వాదన తీసిపారేయదగ్గది కాదు. “ఒక్కదానికే డెబ్బై ఒకటి అన్నాడుగా? అది చాలదూ? పైన ఇరవైకోసం మళ్లీ నా గుండెలు గుబగుబలాడాలా?” అని పెరుగు వడ్డించడం ఆపి అడుగుతోంది. ఇంట్లో కూర్చునే మనిషికైతే ఆమె లెక్క కొంత చెల్లుతుంది. నాన్న ముద్ద కలుపుతూ, “ఇంట్లో కూర్చుంటే చాలేమో. నేను కూర్చోలేను కదే” అన్నాడు. యార్డు గురించి అంటున్నాడని అందరికీ తెలుసు. ఇక ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆయనే అన్నాడు. “వేయించుకుంటా. తొలి ఏకాదశి మంగళవారం, బుధవారం బక్రీదు. ఆ రెండూ వెళ్లనీ.”

గురువారం వార్డు సచివాలయంలో మూడు బల్లలు. మొదటిదాని దగ్గర వాలంటీరు కుర్రాడు కోవిన్‌లో నంబరు కొడుతున్నాడు. సిగ్నల్ లేక ఫోన్ కిటికీలోంచి బయటికి చాపుతున్నాడు. నాలుగంకెల కోడ్ చెప్పమంటే నాన్న నా వైపు చూస్తున్నాడు. ఏఎన్ఎం అమ్మాయి ఐస్ డబ్బాలోంచి వయల్ తీసి, మూత తెరిచిన టైము దాని మీద రాస్తోంది. ఒక్కదాంట్లో పది డోసులు, తెరిచాక నాలుగు గంటలే గడువు. అందుకే జనం పోగయ్యేదాకా తెరవలేదు.

“మందులేమన్నా వాడుతున్నారా బాబాయ్‌గారూ?”

నాన్న గడగడా అప్పజెప్పాడు. స్టెంటనగానే ఆమె చెయ్యి ఆగింది. డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించాం. రెండుసార్లు చదివి తల ఊపింది. సూది దిగి బయటికొచ్చేసరికి నాన్న ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. “అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి. రుద్దొద్దు” అంటోంది. నేను నొక్కుతున్నాను. గోడ గడియారంలో రెండు నిమిషాలు ఇంత పొడుగని అప్పుడే తెలిసింది. దూది మీద చిన్న ఎర్రచుక్క, అంతకుమించి లేదు.

పక్క గదిలో అరగంట కూర్చోవాలి. నా బ్యాగులో డాక్టరు రాసిచ్చిన ఇంకో చీటీ ఉంది. ఇరవై రోజులపాటు చూసుకోవాల్సినవి: తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఛాతీనొప్పి, కాలి వాపు, ఆగని కడుపునొప్పి, చర్మం మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు. వీటిలో ఏదొచ్చినా వెంటనే రావాలి, ప్లేట్‌లెట్లు చూడాలి. అమ్మ ఆ చీటీని బీరువా అద్దానికి అంటించి రోజూ పొద్దున్నే నాన్న కాళ్లూ చేతులూ తనిఖీ చేసింది. ఆ రాత్రి కాస్త జ్వరం తగిలింది, డోలో వేసుకున్నాడు. ఇంకేం రాలేదు.

అక్టోబరులో వివేక్ కేసు మీద కేంద్ర కమిటీ తేల్చింది. ఆయన గుండెపోటుకూ టీకాకూ సంబంధం లేదని. చావువార్తను రోజంతా తిప్పిన చానళ్లలో ఈ వార్త ఒక స్క్రోలింగుగా దొర్లిపోయింది.

2024 ఏప్రిల్ చివర్లో మళ్లీ ఫోన్లు మోగాయి. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసిన తన టీకా చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు తేవచ్చని ఆస్ట్రాజెనెకా లండన్ కోర్టు కాగితాల్లో ఒప్పుకుందట. “చూశావా అన్నయ్యా, నేనప్పుడే చెప్పానా!” అన్నాడు బాబాయి. కొత్తగా ఒప్పుకున్నదేమీ లేదు. 2021 మే 17నే మన కేంద్రం అంకెలతో సహా చెప్పింది, జులైలో గుంటూరు డాక్టరు చీటీ వెనక రాసిచ్చాడు. ఆ జబ్బు వస్తే టీకా పడ్డ కొద్ది వారాల్లోనే రావాలి, ఏళ్ల తర్వాత కాదు. అప్పుడు కోవిషీల్డ్ వేయించుకుని ఇప్పుడు కంగారుపడుతున్నవాళ్లు రక్తం గడ్డలను పసిగట్టే డి-డైమర్ పరీక్షల కోసం పరిగెత్తనక్కర్లేదు. షుగరూ, బీపీ, కొలెస్ట్రాలూ చూపించుకోండి. స్టెంటున్నవాళ్లు మాత్రం ఆ మాత్రలను, ఏ తమ్ముడు చెప్పినా, డాక్టరును అడక్కుండా ఆపకండి.