భారత–చైనా వర్తకము: సహకారము, స్పర్ధ

రెండు పెద్ద దేశముల నడుమ వైరము ముదిరినచో వర్తకము నశించునని సామాన్యముగా తలంతురు. భారత, చైనాల విషయమున 1962 నాటి అనుభవము ఈ మతమును బలపరచుచున్నది. 2020 నాటి అనుభవము దానిని త్రోసిపుచ్చుచున్నది. ఈ భేదమునకు హేతువేమో పరిశీలింపదలచితిమి.

1954 ఏప్రిల్ 29వ తేదీన పెకింగు నగరమున ఈ రెండు దేశములును టిబెట్టు వర్తకమును గూర్చి ఒడంబడిక చేసికొనినవి. సుప్రసిద్ధమైన పంచశీలము ఈ పత్రము యొక్క పీఠికలోనిదే. దీని ననుసరించి యాటుంగు, గ్యాంట్సె, గార్టోకులలో భారతదేశమునకును, ఢిల్లీ, కలకత్తా, కాలింపోంగులలో చైనాకును వర్తక కార్యాలయము లేర్పడవలసియుండెను. ఒడంబడిక గడువు ఎనిమిదేండ్లు. 1962లో అది తీరిపోయినది, మరల పొడిగింపబడలేదు. ఆ యేడే యుద్ధము వచ్చినది. కనుమలు మూతపడినవి. నాథూలా కనుమ వర్తకమునకు మరల తెరువబడినది 2006 జూలైలో మాత్రమే.

2020 జూనులో గల్వాను లోయయందు ఉభయ సైన్యములును ఘర్షణపడినవి, ప్రాణనష్టము జరిగినది. భారత ప్రభుత్వము 59 చైనా యాపులను నిషేధించెను. అయినను చైనా సుంకముల శాఖ లెక్కలను బట్టి ఉభయ దేశముల వర్తకము 2021లో 12,500 కోట్ల డాలర్లను మించినది. 2022లో ఇంకను పెరిగినది.

ఈ వైపరీత్యమునకు హేతువు సరకుల స్వభావమే యని మా యభిప్రాయము. నాడు కంచరగాడిదలపై కనుమలు దాటి వచ్చిన ఉన్ని ఆగిపోయినచో కొందరు వర్తకులు మాత్రమే నష్టపడిరి. నేడు వచ్చునవి యంత్ర భాగములు, ఎలక్ట్రానిక్ పరికరములు, ఔషధముల మూలద్రవ్యములు. ఇటీవలి సంవత్సరములలో భారతదేశము దిగుమతి చేసికొనిన ఔషధ మూలద్రవ్యములలో సుమారు మూడింట రెండు వంతులు చైనావే. ఇవి నిలిచిపోయినచో హైదరాబాదు పరిసరములలోని మందుల కర్మాగారములు మొదట బాధపడును.

వర్తకము నిలిచినదనగా స్పర్ధ తగ్గినదని యర్థము కాదు. 2022లో భారతదేశపు లోటు 10,000 కోట్ల డాలర్లు దాటెను. చౌక దిగుమతులు వెల్లువెత్తునను భయముచేతనే 2019 నవంబరులో భారతదేశము చైనా పాల్గొనిన ఆసియా ప్రాంతీయ వర్తక ఒడంబడికనుండి తప్పుకొనెను. అట్టి దేశములే 2014లో బ్రెజిలు, రష్యా, దక్షిణాఫ్రికాలతో గూడి నూతన అభివృద్ధి బ్యాంకును స్థాపించినవి. ప్రారంభమున చందా వేసిన 5,000 కోట్ల డాలర్ల మూలధనములో ఐదింటికిని సమానభాగము, సమానమైన ఓటు. కార్యస్థానము షాంఘై, తొలి అధ్యక్షుడు భారతీయుడగు కె.వి. కామత్. గల్వాను తరువాతను దాని పని సాగినది.

కయ్యానికైనను వియ్యానికైనను సమఉజ్జీ కావలెనని మన సామెత. పీఠికలోని ఐదు సూత్రములు నిలుపజాలని సహకారమును బ్యాంకులోని ఐదు సమభాగములు నిలిపినవి. సరకుల వర్తకమున అట్టి సమత లేనంతకాలము కనుమలు తెరచియున్నను స్పర్ధ తప్పదు.