ఎం35 ట్రక్కు
ఎం35 అనేది అమెరికా సైన్యం 1950లో ప్రవేశపెట్టిన, మూడు ఇరుసులకూ ఇంజను శక్తి అందే రెండున్నర టన్నుల రవాణా ట్రక్కు. రూపకర్త రియో సంస్థ. వాడుకపేరు 'డ్యూస్ అండ్ ఎ హాఫ్'. సైన్యం పక్కనపెట్టిన బళ్లను వేలంలో కొని సొంతంగా బాగుచేసుకునే ఔత్సాహికులు అమెరికాలో ఎక్కువ. ఎం35ఎ2 రకంలోని 7.8 లీటర్ల ఇంజను డీజిల్‌తోనే కాక, అవసరమైతే పెట్రోలుతోనూ నడుస్తుంది. విద్యుత్ వ్యవస్థ 24 వోల్టులది. అసలు బలహీనత బ్రేకులు. గాలి సాయంతో పనిచేసే ఈ హైడ్రాలిక్ బ్రేకులకు మాస్టర్ సిలిండర్ ఒకటే. ఏ చక్రం దగ్గర ద్రవం కారిపోయినా పెడల్ నేలకు దిగి మొత్తం పట్టు పోతుంది. అందుకే చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలు ముందుగా మారుస్తారు. టైరును రిమ్ముపై నిలిపే ఉక్కు లాకు రింగు సరిగ్గా కూర్చోకపోతే గాలి నింపేటప్పుడు ఊడి ఎగురుతుంది, ప్రాణాంతకం. ఆ పనికి చక్రాన్ని ఇనుప బోనులో పెడతారు.