స్వీయ ప్రచురణలలో తప్పొప్పుల పట్టిక: పాఠపరిష్కరణ దృష్టి

తెలుగులో అచ్చుతప్పును 'ముద్రారాక్షసం' అనడం పరిపాటి. విశాఖదత్తుని నాటకనామంపై అల్లిన ఈ శ్లేష పాఠకునికి వినోదమే గాని, సొంత ఖర్చుతో గ్రంథం అచ్చువేయించుకున్న రచయితకు కాదు.

చేతికూర్పు కాలంలో ముద్రణాలయాల వద్ద సీసపు అక్షరాలు పరిమితం. ఎనిమిదో పదహారో పుటల ఫారం అచ్చు కాగానే కంపోజిటరు ఆ అక్షరాలను విడదీసి, గళ్లపెట్టెలో సర్ది, తరువాతి ఫారానికి వాడేవాడు. సర్దుబాటులో ఒక అక్షరం పొరుగు గడిలో పడితే అది మరొక పుటలో తప్పుగా తేలేది. అచ్చయిన ఫారంలో దోషం కనిపించేసరికి దిద్దడానికి ఆ కూర్పు నిలిచి ఉండదు. మళ్లీ కూర్చాలి, మళ్లీ కాగితం కొనాలి. ప్రకాశకునికి అది వ్యాపారనష్టం. రచయితే ప్రకాశకుడైతే ఇంటి సొమ్ము. గ్రంథాంతంలో తప్పొప్పుల పట్టిక చేర్చడం ఆ భారం నుండి చవకగా బయటపడే మార్గం. రచయిత ఒక ఊర, ముద్రణాలయం మరొక ఊర ఉంటే చిక్కు మరింత. కందుకూరి వీరేశలింగం 1874లో ఆరంభించిన 'వివేకవర్ధని' మొదట చెన్నపట్టణంలోనే అచ్చయ్యేది. ఆయన తరువాత రాజమండ్రిలో ముద్రణాలయం నెలకొల్పుకున్నారు. సామాన్య రచయితకు ఆ వీలెక్కడిది?

పద్యాన్ని ఛందస్సు కాపాడుతుందన్న నమ్మకం కొంతవరకే నిజం. 'పాడి' అన్నచోట 'వాడి' పడితే గణం చెడదు. ప, వలకు మైత్రి ఉన్నందున యతీ పట్టించదు. ప్రాసస్థానంలో పడితేనే ఆ మార్పు బయటపడుతుంది. రెండూ అర్థవంతమైన పదాలే కావడంతో అచ్చుతప్పు పాఠాంతరంగా చలామణి కాగలదు. వచనానికి ఆపాటి కాపలా కూడా లేదు.

రచయిత స్వయంగా తన పాఠాన్ని దిద్దిన సాక్ష్యం ఇటువంటి గ్రంథాలలో తరచు ఆ పట్టిక ఒక్కటే. రెండవ కూర్పుకు నోచుకోని పుస్తకానికి అదే రచయిత తుది మాట. అయితే అది చివరి కాగితం. బైండు ఊడితే ముందు రాలేది అదే. పునర్ముద్రణకు గ్రంథభాగాన్ని మాత్రమే ఎత్తిరాసి పట్టికను వదిలేస్తే, రచయిత తోసిపుచ్చిన పాఠమే మళ్లీ ప్రమాణమవుతుంది.

కంప్యూటర్ కూర్పు ఈ దోషస్వభావాన్నే మార్చింది. పాత ఖతులలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒక ఒత్తు సంకేతం తప్పితే, ఆ ఒత్తున్న ప్రతిచోటా అదే తప్పు దొర్లుతుంది. ఒక పుటలోని ఒక పంక్తిని చూపే పాత పట్టిక దానికి చాలదు. దిద్దుబాటుతో పంక్తులు జరిగితే పదసూచిలోని పుటసంఖ్యలూ తప్పుతాయి. ఆ సూచిని మళ్లీ సరిచూసే కూలి కూడా రచయితదే.