పాతబస్తీలో ఔషధ విద్య: దారుల్‌షిఫా నుంచి తిబ్బీ కాలేజీ దాకా

హైదరాబాద్ పాతబస్తీలో మందుల తయారీని, వాడకాన్ని పాఠంగా చెప్పే సంప్రదాయానికి నాలుగు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1595లో మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన దారుల్‌షిఫాతో మొదలైన ఈ కథ చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ నిజామియా తిబ్బీ (యునానీ వైద్య) కళాశాల మీదుగా ఈనాటి ఫార్మసీ కళాశాలల వరకు వస్తుంది. హుస్సేనీ ఆలం పేట నుంచి చార్మినార్‌కు నడిచే పోవచ్చు. ఆ నడక దూరంలోనే కళాశాల, ఆసుపత్రి, మూలికల అంగళ్లు, తరాలుగా ఆ మందులు వాడుతున్న కుటుంబాలు అన్నీ ఉన్నాయి. ఇక్కడి ఔషధ విద్యను మిగతా చోట్ల విద్య నుంచి వేరు చేసేది ఈ ఇరుగుపొరుగే.

హుస్సేనీ ఆలం పేరు కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడ ప్రతిష్ఠించిన ఆలం (మొహర్రం పీరు) వల్ల వచ్చింది. అందులో ఇమామ్ జాఫర్ సాదిఖ్ ఖడ్గం ఉందని ప్రతీతి. మొహర్రం రోజుల్లో ఈ వీధులు కిటకిటలాడతాయి. ‘పైగా’ వంశపు ప్రభువులు నివసించిన ఖుర్షీద్ జా దేవిడీ అనే భవంతి ఈ పేటలోదే. దాన్ని ఆనుకునే ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల నడుస్తోంది. ఇరుకు గల్లీల్లోని అమ్మాయిలు బస్సెక్కే పని లేకుండా సైన్సు చదువుకోవడానికి ఉన్న దగ్గరి దారి అది.

ఆసుపత్రే బడి

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాద్‌కు పునాది వేశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి కొత్త నగరానికి ఒక పెద్ద ఆసుపత్రి వచ్చింది. నడుమ విశాలమైన వాకిలి, చుట్టూ రెండంతస్తుల్లో వరసగా గదులు, వాటిలో రోగులకు పడకలు. దారుల్‌షిఫా అంటే ఇదే. అక్కడ వైద్యం చేయడమే కాదు, వైద్యం నేర్పారు కూడా. వైద్య చరిత్రకారుడు డి.వి. సుబ్బారెడ్డి 1957లో రాసిన వ్యాసంలో దీన్ని దక్కనులో తొలి యునానీ బోధనాసుపత్రిగా గుర్తించారు. ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగాన్ని నిలబెట్టినవారు ఆయనే. తెలుగువాడు ఒకరు ఈ కట్టడానికి దక్కవలసిన స్థానం ఇప్పించారన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ కాలపు ఔషధ విద్య ఎంత సూక్ష్మంగా ఉండేదో చెప్పడానికి ఒక్క పుస్తకం చాలు. కుతుబ్‌షాహీ పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ తూకాలు, కొలతల మీద ‘రిసాలా-ఎ-మిఖ్దారియా’ అనే గ్రంథం రాశాడు. ఇరాన్ నుంచి, అరబ్బు దేశాల నుంచి వచ్చిన వైద్య గ్రంథాల్లో మోతాదులు దిర్హముల్లో, మిస్కాళ్లలో ఉంటాయి. దక్కను అంగడిలో త్రాసు తూచేది తులాల్లో, మాషాల్లో. ఈ రెంటికీ లెక్క కుదరకపోతే మందు విషమైనా కావచ్చు, పనికిరాని పొడైనా కావచ్చు. రాజ్యంలో సుల్తాను తరవాతి అధికారి తూకాల గురించి గ్రంథం రాశాడంటే ఆ పనికి అప్పట్లో ఉన్న విలువ అర్థమవుతుంది. నేటి ఫార్మసీ విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్చే మోతాదు లెక్కలకు ఈ నేల మీద పూర్వరంగం ఇది.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక నగరం వైభవం తగ్గింది. దారుల్‌షిఫా పేరు మాత్రం పేట పేరుగా నిలిచిపోయింది.

రెండు వైద్యాలు, ఒకే ఊరు

1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రారంభమైంది. పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో బోధించడం దాని ప్రత్యేకత. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను ఇక్కడ మత్తుమందు క్లోరోఫాం మీద జరిగిన కమిషన్ల పేరు ప్రపంచమంతా మోగింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించాడు. క్లోరోఫాం ముందుగా గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్నది వివాదం. ఊపిరినే అని కమిషన్ తేల్చింది. గుండెకు ముప్పు లేదన్న ఆ మాట పూర్తిగా నిలవలేదని తరవాతి పరిశోధనలు చూపాయి. అయినా ఒక మందు భద్రతను పరీక్షలు చేసి తేల్చుకోవాలన్న పట్టుదల ఈ ఊళ్లో అంత ముందే కనిపించింది. మత్తుమందు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ బడి విద్యార్థినే.

ఆరో నిజాం కాలంలోనే యునానీకి విడిగా ప్రభుత్వ శాఖ, మదరసా ఏర్పడ్డాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1920లలో మొదలుపెట్టి 1930ల చివరికి, చార్మినార్ పక్కన గుమ్మటాలతో, కమానులతో పెద్ద ఆసుపత్రి భవనం పూర్తయింది. మక్కా మసీదు, చార్మినార్ సరసన నిలిచినా తేలిపోని కట్టడం అది. కళాశాల, ఆసుపత్రి రెండూ అక్కడే. పేరు నిజామియా తిబ్బీ కాలేజీ. పాతబస్తీ వాళ్లు ‘యునానీ దవాఖానా’ అనే అంటారు.

తిబ్బీ కాలేజీలో ఇచ్చే పట్టా బీయూఎంఎస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రవేశం నీట్ ద్వారా. తెలంగాణ వచ్చాక కళాశాల వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి చేరింది. అంతకుముందు విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉండేది. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల తెలుగునాట ఈ విద్యకు మరో చిరునామా.

పాకం దగ్గర పాఠం

యునానీ చదువులో మందుల గురించి రెండు శాస్త్రాలుంటాయి. ఇల్ముల్ అద్వియా మందు గుణాలు చెబుతుంది. ఇల్ముల్ సైదలా తయారీ నేర్పుతుంది. ఒంటి మూలికను ముఫ్రద్ అంటారు, కలిపి చేసినదాన్ని మురక్కబ్ అంటారు. మాజూన్, ఖమీరా, ఇత్రీఫల్, షర్బత్, అర్క్, సఫూఫ్, రోగన్ వంటి మందు రూపాల్లో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

లేహ్యం లాంటి మాజూన్ సంగతే చూద్దాం. ముందు మూలికలను శుభ్రం చేసి, ఆరబెట్టి, విడివిడిగా దంచి సన్నని జల్లెడ పట్టాలి. కొన్ని బంకలు దంచితే అంటుకుపోతాయి, వాటికి పద్ధతి వేరు. ఆ తరవాత చక్కెరతోనో తేనెతోనో పాకం పట్టాలి. దీన్ని కివామ్ అంటారు. పొడికి సుమారు మూడు రెట్లు పాకం. వేలికి, బొటనవేలికి మధ్య చుక్క పెట్టి లాగితే ఎన్ని తీగలు సాగాయో చూసి దించుతారు. షర్బత్‌కు ఒక తీగ సరిపోతుంది, మాజూన్‌కు రెండు మూడు కావాలి. పాకం లేతదైతే నెల తిరక్కుండా బూజు పడుతుంది, ముదిరితే రాయి కడుతుంది. అరిసెల పాకం పట్టిన తెలుగింటి అమ్మమ్మను ఆ ప్రయోగశాలలోకి తీసుకెళితే విద్యార్థికి తప్పు ఎక్కడ జరిగిందో చిటికెలో చెప్పగలదు. కుంకుమపువ్వు వంటివి పొయ్యి దించాక, చల్లారుతున్నప్పుడు కలుపుతారు. ముందే వేస్తే వేడికి పరిమళం పోతుంది.

రెండో ప్రయోగశాల బజారే. మీర్ ఆలం మండీ మూలికలకు, సుగంధ ద్రవ్యాలకు పేరున్న చోటు. జలుబుకు కాచే జోషాందా సరుకులు ఈ అంగళ్లలో దొరుకుతాయి: ఉన్నాబ్, సపిస్తాన్, బనఫ్షా, అతిమధురం, గావ్‌జబాన్. అసలును, కల్తీని పట్టుకునే చూపు పుస్తకంతో రాదు. కుంకుమపువ్వు అని కుసుమపువ్వు అంటగట్టడం పాత మోసం. నీళ్లలో నానబెట్టి చూస్తే కుంకుమపువ్వు పోగు కొస బూరలా విచ్చుకుని కనిపిస్తుంది. కుసుమది సన్నని గొట్టం, కొసన అయిదు చీలికలు. ఇది చేత్తో పట్టుకుని చూసిన విద్యార్థి జన్మలో మరచిపోడు.

ఈ వాతావరణంలోంచే వ్యాపారాలూ పుట్టాయి. హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ హైదరాబాద్ ఇళ్లలో ఇంటి మందుగా స్థిరపడింది. యూకలిప్టస్ నూనె, కర్పూరం, వాముపువ్వు వంటివి కలిసిన ఆ చిన్న సీసా లేని అలమర పాతబస్తీలో అరుదు.

చట్టాలు గీసిన గీతలు

దేశంలో ఆధునిక ఫార్మసీ విద్యకు 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ పునాది వేశారు. 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1950ల మొదట్లోనే వాల్తేరులో బీఫార్మసీ బోధించింది. తెలంగాణలో ఈ చదువు వరంగల్‌లో, 1970లలో, తరవాత కాకతీయ విశ్వవిద్యాలయంగా మారిన ఉస్మానియా పీజీ కేంద్రంలో వేళ్లూనుకుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం వచ్చాక మందుల పరిశ్రమ పెరిగింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 2007లో బాలానగర్‌లో జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ (నైపర్) మొదలైంది. 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు వచ్చి, ఫార్మసీ విద్యార్థిని రోగి మంచం దగ్గరికి తీసుకెళ్లింది. పాతబస్తీ పిల్లలకు దారుస్సలాంలోని దక్కన్ స్కూల్ ఆఫ్ ఫార్మసీ దగ్గరి దారి అయింది.

యునానీ మందులు 1964 సవరణతో ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. 1981లో జాతీయ యునానీ ఫార్ములరీ మొదటి భాగం వెలువడింది. 2000లో తయారీ కేంద్రాలకు షెడ్యూల్ టీ అనే తయారీ నాణ్యత ప్రమాణాలు తప్పనిసరి చేశారు. కానీ 1948 ఫార్మసీ చట్టం గీసిన ఫార్మసిస్టు నిర్వచనంలో యునానీ మందు కట్టేవాడికి చోటు లేదు. పాకం తీగ చూసి దించే నైపుణ్యానికి ఆ గుర్తింపు దక్కకపోవడం న్యాయం కాదు. చార్మినార్ దగ్గరి ఆ అందమైన భవనానికి కూడా వయసు మీద పడింది. పర్యాటకుల కళ్లకే కాక, లోపల పడకల మీద ఉన్నవాళ్ల కోసం దానికి మరమ్మతులు కావాలి.

ఏడాది పొడుగునా

యునానీ, ఫార్మసీ కళాశాలల సామూహిక జీవితం కొన్ని తేదీల చుట్టూ తిరుగుతుంది. ఫిబ్రవరి 11 యునానీ దినం, ప్రసిద్ధ యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ జయంతి. 2017లో తొలి యునానీ దినోత్సవానికి వేదిక హైదరాబాదే. ఎర్రగడ్డలోని కేంద్ర యునానీ పరిశోధన సంస్థలో అది జరిగింది. బొల్లి చికిత్సకు పేరు పొందిన ఆ సంస్థ 2019లో చర్మవ్యాధుల జాతీయ సంస్థ అయింది. మార్చి 6 ష్రాఫ్ జయంతి, ఫార్మసీ విద్యా దినం. మర్నాడే జన ఔషధి దినం. సెప్టెంబరు 17 నుంచి 23 వరకు మందుల దుష్ప్రభావాలపై నిఘా వారం. సెప్టెంబరు 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినం. 1912లో అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య పుట్టిన తేదీ అది. 2009లో ఇస్తాంబుల్ సమావేశంలో ఈ దినం నిర్ణయమైంది. నవంబరు మూడో వారం జాతీయ ఫార్మసీ వారోత్సవం.

వీటిలో ఊరేగింపులు, పోస్టర్ పోటీలు, క్విజ్‌లు, రక్తదాన శిబిరాలు మామూలే. అసలు విలువైనది మొహల్లాలోకి వచ్చే శిబిరం. హుస్సేనీ ఆలం వంటి పేటలో ఒకే ఇంట్లో పెద్దాయనకు షుగర్ మాత్ర, బీపీ మాత్ర ఉంటాయి. పక్కనే ఖమీరా డబ్బా, ఎవరో ఇచ్చిన కుష్తా పొట్లం ఉంటాయి. చక్కెర పాకంలో చేసిన ఖమీరా షుగర్ రోగికి ఎంత మంచిది? లోహభస్మమైన కుష్తాలో సీసం, పాదరసం పరీక్షించారా? ఒక డాక్టరుకు రెండో వైద్యం సంగతి చెప్పని ఇల్లు పాతబస్తీలో కొత్త కాదు. ఈ రెండు రకాల మందుల్నీ కలిపి చూడగలిగేది, తిబ్బీ విద్యార్థి, ఫార్మ్‌డీ విద్యార్థి ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడే. శిబిరం నిర్వహించే కళాశాలలు ఈ ఇద్దరినీ కలిపి పంపాలి.

వచ్చే సెప్టెంబరులోనో నవంబరులోనో మీ వీధిలో అలాంటి బల్ల కనబడితే ఖాళీ చేతులతో వెళ్లకండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, చీటీ ఉన్నవీ లేనివీ, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టండి.